సీటు కొని, రేటు కోసి: వాల్‌స్ట్రీట్‌లో మ్యూరియల్ సీబర్ట్

1792 మే 17న న్యూయార్క్‌లో 24 మంది బ్రోకర్లు ఒక చిన్న ఒప్పందం మీద సంతకాలు పెట్టారు. వాల్‌స్ట్రీట్‌లో ఒక బటన్‌వుడ్ చెట్టు కింద కలుసుకునేవాళ్లని చెబుతారు, ఆ చెట్టు పేరే ఒప్పందానికీ వచ్చింది. అందులో ఉన్నవి రెండే మాటలు. ఎవరి తరఫున కొన్నా అమ్మినా పావు శాతం కన్నా తక్కువ కమీషన్ తీసుకోకూడదనేది ఒకటి. బేరాల్లో మనవాళ్లకే ముందు అవకాశం ఇవ్వాలనేది రెండోది. అంటే రేటు తగ్గించొద్దు, బయటివాళ్లను దగ్గరకు రానివ్వొద్దు. న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజ్ పుట్టింది ఈ రెండు మాటల మీదే.

మ్యూరియల్ సీబర్ట్ పేరు చరిత్రలో నిలిచింది ఇందులో రెండో మాటను దాటినందుకు. 1967 డిసెంబర్ 28న ఆ ఎక్స్ఛేంజ్‌లో సొంత సీటు, అంటే సభ్యత్వం, కొన్న మొదటి మహిళ ఆమె. ఆమె గురించి ఎవరు రాసినా అక్కడే మొదలుపెడతారు, చాలామంది అక్కడే ఆపేస్తారు కూడా. కానీ ఆమె బతుకులో ఇంకా పెద్ద సాహసం 1975లో జరిగింది. అప్పుడు ఆమె మొదటి మాట మీద చెయ్యి వేసింది. మామూలు మదుపరి జేబుకు ఎక్కువ తేడా తెచ్చింది కూడా ఆ మార్పే. ఈ రెండూ విడివిడి కథలు కావు, ఒకదాని కడుపులోంచి రెండోది ఎలా వచ్చిందో చూస్తేనే ఆమె అర్థమవుతుంది.

ఒహాయోలోని క్లీవ్‌లాండ్‌లో 1928లో పుట్టింది. తండ్రి పళ్ల డాక్టరు. దగ్గరివాళ్లు ఆమెను మికీ అని పిలిచేవాళ్లు. చాలా ఏళ్లపాటు తన పుట్టిన సంవత్సరం 1932 అనే చెప్పుకుంది, అది వేరే సంగతి. వెస్టర్న్ రిజర్వ్ యూనివర్సిటీలో చేరింది. తండ్రికి క్యాన్సర్ రావడంతో డిగ్రీ పూర్తి చేయకుండానే చదువు ఆపేసింది. 1954లో 500 డాలర్లు, ఒక పాత స్టూడీబేకర్ కారు పట్టుకుని న్యూయార్క్ చేరింది.

ఐక్యరాజ్యసమితిలో ఉద్యోగం అడిగితే రెండు భాషలు రావాలన్నారు. బ్రోకరేజీ సంస్థ మెరిల్ లించ్‌లో డిగ్రీ ఉందా అన్నారు. లేదని నిజం చెప్పింది, ఉద్యోగం రాలేదు. తర్వాత బేష్ అండ్ కంపెనీ అనే మరో బ్రోకరేజీలో అదే ప్రశ్న వేస్తే ఉందని అబద్ధం చెప్పింది. వారానికి 65 డాలర్ల మీద రీసెర్చ్ విభాగంలో ట్రైనీగా తీసుకున్నారు. అబద్ధం అబద్ధమే, దానికి మసి పూయాల్సిన పని లేదు. ఆమె కూడా తర్వాతి రోజుల్లో దాన్ని దాచిపెట్టలేదు. అయితే ఆ తర్వాత ఆమె చేసిన పనిలో ఆ డిగ్రీ కాగితం అవసరం ఎక్కడా కనబడదు.

ఆ పని ఎలాంటిదో కాస్త నిలబడి చూడాలి. రీసెర్చ్ అనలిస్ట్ అంటే ఒక రంగంలోని కంపెనీల లెక్కలు చదివి, వాటి షేర్లు కొనొచ్చో లేదో రిపోర్టు రాసే మనిషి. ఆ రిపోర్టును ఎవరూ డబ్బిచ్చి కొనరు. మ్యూచువల్ ఫండ్లు, ఇన్సూరెన్స్ కంపెనీలు దాన్ని ఉచితంగా చదువుతాయి, నచ్చితే తమ కొనుగోలు ఆర్డర్లను ఆ బ్రోకరేజీ సంస్థ ద్వారా వేస్తాయి. సంస్థకు కమీషన్ వస్తుంది. రేటు అందరిదీ ఒకటే కాబట్టి మేం తక్కువకు చేస్తామని పోటీ పడే దారి లేదు. మేం మంచి రిపోర్టు ఇస్తామని పోటీ పడాల్సిందే. అంటే ఆ రోజుల్లో అనలిస్టు జీతమంతా కదలని కమీషన్ రేటు అనే గోడ నీడలోనే పెరిగింది. ఈ సంగతి గుర్తుంటే 1975 నాటి తమాషా బాగా అర్థమవుతుంది.

కొత్తగా చేరిన పిల్లకు సీనియర్లు తమకు అక్కర్లేని రంగాలు వదిలిపెట్టారు. అలా విమానయానం, సినిమా కంపెనీలు ఆమె చేతికొచ్చాయి. రైల్వేలను చూసే పెద్దవాళ్లకు ఆ రోజుల్లో ఎయిర్‌లైన్స్ ఒక చిల్లర తలనొప్పి. జెట్ విమానాల కాలం గుమ్మంలోకి వచ్చిందని వాళ్లు పట్టించుకోలేదు. సినిమా కంపెనీల లెక్కల్లో ఆమెకు ఇంకో విషయం కనబడింది. పాత సినిమాల ఖర్చును పుస్తకాల్లో ఎప్పుడో సున్నా చేసేశారు, కానీ టీవీ చానళ్లు వాటినే డబ్బిచ్చి తీసుకుంటున్నాయి. పుస్తకంలో విలువ లేని సరుకు బయట డబ్బు తెస్తోందంటే ఆ షేరు ధరలో ఏదో లెక్క తప్పింది. ఇలాంటివి పట్టుకోవడమే ఆమె బలం. పెద్ద ఫండ్ల మేనేజర్లు నేరుగా ఆమెకే ఆర్డర్లు ఇవ్వడం మొదలుపెట్టారు.

ఆర్డర్లు వచ్చాయి గానీ జీతం కదల్లేదు. అదే పని చేసే మగవాళ్లకు ఆమె కన్నా చాలా ఎక్కువ ఇచ్చేవాళ్లు. ఆ కారణంగానే ఒక సంస్థ వదిలి మరో సంస్థకు మారుతూ పోయింది. మ్యూరియల్ సీబర్ట్ అనే పేరుతో పంపిన బయోడేటాకు జవాబు రాలేదు. ఎం.ఎఫ్. సీబర్ట్ అని పొడి అక్షరాలు పెట్టి పంపితే ఇంటర్వ్యూకి పిలిచారు. అమెరికాలో సమాన పనికి సమాన వేతనం అనే చట్టం 1963లోనే వచ్చింది కదా అనిపించవచ్చు. వచ్చింది, కానీ అధికారులు, మేనేజర్లు, వృత్తి నిపుణులను ఆ చట్టం పరిధి నుంచి పక్కన పెట్టారు. వాళ్లను అందులోకి తెచ్చింది 1972లో. ఫ్యాక్టరీలో పనిచేసే ఆడవాళ్లకు ఆ చట్టం ఇచ్చిన రక్షణ వాల్‌స్ట్రీట్ అనలిస్టుకు లేదన్నమాట. సీబర్ట్ కోర్టుకు ఎందుకు వెళ్లలేదని అడిగేవాళ్లకు జవాబు చాలావరకు ఇక్కడుంది.

దారి చూపింది జెరాల్డ్ సాయ్. షాంఘైలో పుట్టి, ఫిడెలిటీ అనే మ్యూచువల్ ఫండ్ సంస్థలో ఫండ్ మేనేజరుగా పేరు మోసిన మనిషి. సమాన జీతం ఇచ్చే పెద్ద సంస్థ ఏదైనా ఉందా అని ఆమె అడిగితే, అలాంటిది ఉండదని, ఎక్స్ఛేంజ్‌లో సీటు కొనుక్కుని సొంతంగా చేసుకోమని చెప్పాడు. పిచ్చి మాటలు వద్దంది ఆమె. వద్దనే చట్టమేమీ లేదు కదా అన్నాడతను. ఫిడెలిటీలో ఎంత సంపాదించి పెట్టినా పీఠం యజమాని కొడుక్కే వెళ్తుందని తేలాక, 1965లో తానే బయటికొచ్చి సొంత సంస్థ పెట్టుకున్నవాడు సాయ్. బయటివాడికి లోపల ఎంత దూరం వరకు దారి ఉంటుందో అతనికి తెలిసినంత బాగా చాలామందికి తెలియదు. అందుకే ఆ సలహా ఊరికే నోటికొచ్చింది కాదనిపిస్తుంది. ఆమె ఎక్స్ఛేంజ్ నిబంధనావళి తెచ్చుకుని చదివింది. సభ్యులు మగవాళ్లే అయి ఉండాలని అందులో ఎక్కడా లేదు.

సీటు అంటే కూర్చునే కుర్చీ కాదు. ఎక్స్ఛేంజ్‌లో నేరుగా వ్యాపారం చేసే సభ్యత్వ హక్కు. 1953 నుంచి వాటి సంఖ్యను 1,366 దగ్గర ఆపేశారు. కొత్తగా పుట్టించరు, ఎవరైనా అమ్మితేనే మరొకరికి దొరుకుతుంది. సభ్యుడు కాని బ్రోకరు ఎవరైనా సభ్యుడి చేతుల మీదుగానే లావాదేవీ జరపాలి, అక్కడ కమీషన్ సమర్పించుకోవాలి. సీబర్ట్ తెచ్చే ఆర్డర్ల మీద వచ్చే డబ్బు కూడా ముందు సంస్థకు వెళ్లి, అక్కడ కోతలు పడ్డాకే ఆమెకు చేరేది. సీటు ఆమెదే అయితే ఆ మధ్య గుమ్మం ఉండదు. కాబట్టి ఆమెకు ఇది జెండా పాతే పని కన్నా ముందు జీతం సమస్యకు పరిష్కారం. పుస్తకాలు, ఉపన్యాసాలు దీన్ని ఆడవాళ్ల హక్కుల పోరాటంగా చెబుతాయి. పోరాటమే, కాదనలేం. కానీ దాని వెనుక లెక్క తెలిసిన మనిషి వేసుకున్న లెక్క ఉంది.

రాసిన రూలు అడ్డు రాలేదు గానీ రాయనివి చాలా అడ్డొచ్చాయి. దరఖాస్తును బలపరచడానికి ఉన్న సభ్యుల్లోంచి ఎవరో ఒకరు ముందుకు రావాలి. అడిగిన మొదటి తొమ్మిదిమందీ కాదన్నారు. అప్పటికి సీటు ధర 4,45,000 డాలర్లు. అందులో 3,00,000 డాలర్లు అప్పిస్తామని బ్యాంకు నుంచి ముందే ఉత్తరం తెమ్మంది ఎక్స్ఛేంజ్. అంతకుముందు ఏ మగ దరఖాస్తుదారునూ ఇలా అడగలేదు. బ్యాంకులేమో సభ్యత్వం ఖాయమైతేనే అప్పు మాట అన్నాయి. పెళ్లి కుదిరితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కుదరదు అన్న సామెత ఇంతకన్నా చక్కగా అమరే చోటు దొరకదు. నెలల తరబడి తిరిగాక చేజ్ మాన్‌హాటన్ బ్యాంకు ఒప్పుకుంది. ఆడవాళ్లన్న కారణంతో అప్పు నిరాకరించడాన్ని నిషేధించే చట్టం అమెరికాలో 1974 దాకా రాలేదని గుర్తుంచుకుంటే ఆ సంతకం ఎంత అరుదో తెలుస్తుంది.

అలా 1,365 మంది మగవాళ్ల మధ్య ఆమె ఒక్కతే సభ్యురాలైంది. బ్రోకరు పని చేసిన మొదటి మహిళ మాత్రం ఆమె కాదు. 1870లోనే విక్టోరియా వుడ్‌హల్, ఆమె చెల్లెలు టెన్నిసీ క్లాఫ్లిన్ వాల్‌స్ట్రీట్ పక్కనే బ్రోకరేజీ ఆఫీసు తెరిచారు, వాళ్ల వెనుక కోటీశ్వరుడు కార్నీలియస్ వాండర్‌బిల్ట్ ఉన్నాడు. ఎక్స్ఛేంజ్ సభ్యత్వం మాత్రం వాళ్లకు అందలేదు. 1965లో ఇద్దరు మహిళలు అమెరికన్ స్టాక్ ఎక్స్ఛేంజ్‌లో సభ్యులయ్యారు. అది న్యూయార్క్‌లోనే ఉన్న రెండో వరస మార్కెట్. యుద్ధ కాలంలో, 1943లో, మగవాళ్లు చాలక న్యూయార్క్ ఎక్స్ఛేంజ్ లావాదేవీలు జరిగే తన ఫ్లోర్ మీదకు ఆడ క్లర్కులను రానిచ్చింది. వాళ్లు ఉద్యోగులు, సభ్యులు కారు. పని చేయనివ్వడం వేరు, వాటా ఇవ్వడం వేరు. నల్లజాతి సభ్యుడు మొదటిసారి వచ్చింది కూడా సీబర్ట్ తర్వాతే, 1970లో జోసెఫ్ సియర్ల్స్.

సీటు దొరికినా మర్యాద వెంటనే దొరకలేదు. వ్యాపార భేటీలు జరిగే యూనియన్ లీగ్ క్లబ్‌లో ఆడవాళ్లకు లిఫ్టు ఎక్కే వీలు లేక, వంటగదిలోంచి, వెనక మెట్ల మీదుగా ఆమె పైకి వెళ్లాల్సి వచ్చింది. స్టాక్ ఎక్స్ఛేంజ్ ఏడో అంతస్తులోని భోజనశాల దగ్గర ఆడవాళ్లకు టాయిలెట్ లేదు. అది 1987లో వచ్చింది. సీటు కొన్న ఇరవై ఏళ్లకు! అప్పుడు కూడా, కట్టకపోతే పోర్టబుల్ టాయిలెట్ తెప్పించి పెట్టిస్తానని ఆమె బెదిరించాకే కదిలారు. నవ్వొచ్చే ఉదంతమే. కానీ లక్షల డాలర్లు పోసి సభ్యత్వం కొన్న మనిషి మధ్యాహ్నం భోజనానికి వచ్చినప్పుడల్లా మరో అంతస్తుకు దిగాల్సి రావడం ఆ రాయని రూళ్లకు మంచి కొలత.

పెట్టుబడిగా చూస్తే ఆ సీటు కొంతకాలం ఘోరమైన బేరం. 1929లో 6,25,000 డాలర్లు పలికిన సీటు, డెబ్బైలలో మార్కెట్ కుదేలయ్యాక పడుతూ వచ్చి 1977లో 35,000 డాలర్లకు చేరింది. ఆమె కొన్న ధరలో పదో వంతు కూడా కాదు. మార్కెట్ మందగమనం ఒక కారణమైతే, సీటు విలువకు పునాది అయిన కదలని కమీషనే పోవడం ఇంకో కారణం.

ఆ కమీషన్ కథ ఇది. పావు శాతంతో మొదలైన నియమం అరవైల నాటికి పెద్ద పట్టికగా మారింది, మూల సూత్రం మాత్రం మారలేదు. రేటు ఎక్స్ఛేంజ్ చెబుతుంది, సభ్యులంతా అదే వసూలు చేస్తారు. ఎక్కువ కొన్నా తగ్గింపు లేదు. 100 షేర్లకు ఎంత కమీషనో, 10,000 షేర్లకు దానికి వంద రెట్లు. పని మాత్రం వంద రెట్లు పెరగదు కదా. పింఛను నిధులు, మ్యూచువల్ ఫండ్లు పెద్ద ఆర్డర్లు వేసే కాలం వచ్చేసరికి ఇది బాహాటమైన దోపిడీగా కనబడసాగింది. 1968లో పెద్ద ఆర్డర్లకు కొంత తగ్గింపు వచ్చింది. 1971లో 5 లక్షల డాలర్లు దాటిన భాగం మీద, మరుసటేడు 3 లక్షలు దాటిన భాగం మీద బేరమాడుకోనిచ్చారు. చివరికి మార్కెట్ నియంత్రణ సంస్థ ఎస్‌ఈసీ ఆదేశంతో 1975 మే 1న కదలని కమీషన్ మొత్తంగా రద్దయింది. వాల్‌స్ట్రీట్ దాన్ని మే డే అని పిలిచింది. మునిగే ఓడ నుంచి వచ్చే ఆపద పిలుపు కూడా అదే మాట కాబట్టి అందులో కాస్త ఏడుపూ కలిసింది.

చాలా సంస్థలు ఆ రోజు పెద్ద ఖాతాదార్లకు తగ్గించి, చిన్నవాళ్ల మీద రేటు అలాగే ఉంచాలని లేదా పెంచాలని చూశాయి. సీబర్ట్ మొదటి రోజే తన సంస్థను డిస్కౌంట్ బ్రోకరుగా, అంటే తక్కువ కమీషన్‌కు పని చేసేదిగా ప్రకటించింది. వంద డాలర్ల నోటును కత్తెరతో సగానికి కత్తిరిస్తున్న తన ఫొటోతో వాల్‌స్ట్రీట్ జర్నల్‌లో ప్రకటన వేసింది. తోటి బ్రోకర్లకు అది కంటికి కారం కొట్టినట్టే అయి ఉంటుంది. ఆమె లావాదేవీలను సెటిల్ చేసే క్లియరింగ్ సంస్థ మీ పని మేం చేయమని చెప్పేసింది. బ్రోకరుకు క్లియరింగ్ లేకపోతే షేర్లూ డబ్బూ చేతులు మారవు, అంటే దుకాణం మూతే. ఇంకో సంస్థను వెతుక్కుని నిలబడింది. 1967లో ఆమెను అడ్డుకున్నవాళ్లకు పోయేది పరువు మాత్రమే. ఈసారి తగిలింది జేబుకు, అందుకే దెబ్బ కూడా గట్టిగా పడింది.

తమాషా అని ముందే చెప్పింది ఇక్కడిదే. రిపోర్టులు రాసి, వాటి బలంతో కమీషన్ సంపాదించి పైకొచ్చిన మనిషి ఆమె. కమీషన్ పడిపోతే రిపోర్టులకు డబ్బు పుట్టదు. నిజంగానే ఆ తర్వాతి ఏళ్లలో రీసెర్చ్ మీద బతికే చిన్న బ్రోకరేజీలు ఎన్నో మూతపడ్డాయి, పెద్దవాటిలో కలిసిపోయాయి. ఆమె తనను పెంచిన వ్యాపారాన్ని వదిలేసి, సలహా ఉండదు, ఆర్డరు మాత్రం చవగ్గా వేస్తాం అనే దుకాణం తెరిచింది. గోడ ఎలాగూ కూలబోతోందని అనలిస్టు కన్నుతో చూసి, అది మీద పడేలోపే అటు దూకిందనుకోవాలి. ఇవాళ హైదరాబాద్‌లోనో విజయవాడలోనో కూర్చుని ఫోన్‌లో ఆర్డరుకు 20 రూపాయల బ్రోకరేజీతో షేర్లు కొనేవాళ్లకు ఇదంతా సహజంగా అనిపిస్తుంది. సలహాను, ఆర్డరును విడదీసి ఆర్డరుకు మాత్రమే డబ్బు తీసుకోవచ్చన్న ఆలోచన పెద్ద ఎత్తున బతికి బట్టకట్టింది ఆ 1975లోనే.

అయితే ఆ ఆలోచనతో అందరికన్నా ఎక్కువ సంపాదించింది ఆమె కాదు. కాలిఫోర్నియాలో చార్లెస్ ష్వాబ్ అదే మే డే అవకాశాన్ని పట్టుకుని, బ్రాంచీలు, కంప్యూటర్ల మీద డబ్బు పోసి దేశమంతా విస్తరించాడు. సీబర్ట్ సంస్థ చిన్నదిగానే మిగిలింది. ఇందుకు ఒక కారణం స్పష్టంగా ఉంది. పోటీ వేడెక్కుతున్న ఆ రోజుల్లోనే ఆమె ఐదేళ్లపాటు దుకాణం వదిలి ప్రభుత్వ కొలువుకు వెళ్లింది.

1977లో న్యూయార్క్ గవర్నర్ హ్యూ కేరీ ఆమెను రాష్ట్ర బ్యాంకింగ్ సూపరింటెండెంట్‌గా నియమించాడు. ఆ పదవిలో మొదటి మహిళ ఆమె. కేరీ డెమొక్రాట్, ఆమె రిపబ్లికన్. కంపెనీని బ్లైండ్ ట్రస్టులో పెట్టింది. అంటే దాన్ని నడిపేది వేరేవాళ్లు, ఆమె జోక్యం చేసుకోకూడదు, లోపల ఏం జరుగుతోందో అడగనూ కూడదు. సూపరింటెండెంట్ ఆఫ్ బ్యాంక్స్ అన్న పదవి పేరును ఇంగ్లిష్ పొడి అక్షరాల్లో ఎస్‌ఓబీ అని రాస్తే ఒక తిట్టు వస్తుంది, దాని మీద ఆమే జోకులేసేది.

అది బ్యాంకులకు చాలా గడ్డుకాలం. ఒకవైపు ద్రవ్యోల్బణం, మరోవైపు ఆకాశానికంటిన వడ్డీ రేట్లు. 1980 చివరికి పెద్ద బ్యాంకులు తమ మంచి ఖాతాదార్లకు ఇచ్చే అప్పు మీదే వడ్డీ 21 శాతం దాటింది. సేవింగ్స్ బ్యాంకులు పాత రోజుల్లో ముప్పై ఏళ్ల ఇంటి అప్పులు తక్కువ వడ్డీకి ఇచ్చి కూర్చున్నాయి. ఇప్పుడు డిపాజిట్లకు అంతకు రెట్టింపు ఇవ్వకపోతే జనం డబ్బు తీసుకుపోతున్నారు. దేశంలో అనేక బ్యాంకులు కూలిన ఆ కాలంలో ఆమె హయాంలో న్యూయార్క్ రాష్ట్రంలో బ్యాంకు ఒక్కటి కూడా కూలలేదని గొప్పగా చెబుతారు. ఇందులో ఒక మెలిక ఉంది. బలహీనపడ్డ బ్యాంకును కూలేదాకా వదలకుండా, బలమైన బ్యాంకులో కలిపేయించడం ఆమె పద్ధతి. 1981లో గ్రీనిచ్ సేవింగ్స్ బ్యాంకు అలాగే కేంద్ర డిపాజిట్ బీమా సంస్థ సాయంతో మరో బ్యాంకులో కలిసింది. కాబట్టి కూలలేదు అన్న మాటకు అర్థం, డిపాజిటర్ల డబ్బు పోలేదు అని. అదీ తక్కువ పనేం కాదు.

ఆమె గెలవని తగాదా ఒకటుంది, పాఠకులు చాలామంది విని ఉండరు. 1978లో హాంకాంగ్ అండ్ షాంఘై బ్యాంకు, మనం ఇవాళ హెచ్‌ఎస్‌బీసీ అనేది, న్యూయార్క్‌లోని మరీన్ మిడ్‌లాండ్ బ్యాంకులో 51 శాతం కొంటానని వచ్చింది. సీబర్ట్ ఒప్పుకోలేదు. విదేశీ యాజమాన్యం మీద, కొనే బ్యాంకు తన లెక్కలు పూర్తిగా బయట పెట్టకపోవడం మీద అభ్యంతరం చెప్పింది. మరీన్ మిడ్‌లాండ్ ఏం చేసిందంటే, రాష్ట్రం ఇచ్చిన చార్టరు, అంటే బ్యాంకు అనుమతి, వదులుకుని కేంద్రం కింద ఉండే జాతీయ బ్యాంకుగా మారిపోయింది. దాంతో సూపరింటెండెంట్ అధికారం దాని మీద లేకుండా పోయింది. 1980లో ఒప్పందం పూర్తయింది. నిబంధనావళి చదివి తలుపు తీయించుకున్న మనిషిని, అదే పద్ధతిలో నిబంధనావళి చదివిన ఒక బ్యాంకు పక్కకు నెట్టేసింది.

1982లో పదవి వదిలి అమెరికా సెనేట్‌కు పోటీ చేయాలనుకుంది. ఎదురుగా ఉన్నది డెమొక్రాటిక్ దిగ్గజం డేనియల్ పాట్రిక్ మోయినిహన్. అంతదాకా వెళ్లలేదు, పార్టీ అభ్యర్థిని ఎంచుకునే రిపబ్లికన్ ప్రైమరీ ఎన్నికలోనే ఓడిపోయింది. తిరిగొచ్చి చూసుకుంటే డిస్కౌంట్ బ్రోకరేజీ వ్యాపారం ఎక్కడికో వెళ్లిపోయింది. ష్వాబ్ సంస్థను 1983లో బ్యాంక్ ఆఫ్ అమెరికా కొనుక్కుంది. ఈమె మళ్లీ మొదటి నుంచి కూడదీసుకోవాల్సి వచ్చింది. ప్రజాసేవకు ఆమె చెల్లించిన ధర అని దీన్ని అనవచ్చు, వ్యాపారవేత్తగా చేసిన తప్పు అనీ అనవచ్చు. రెండూ నిజమే.

దానధర్మాల దగ్గరకొస్తే, 1990లో ఆమె మొదలుపెట్టిన పథకం మామూలు చెక్కు రాసిచ్చే దానం లాంటిది కాదు. కంపెనీలు, ప్రభుత్వ సంస్థలు కొత్తగా షేర్లో బాండ్లో జారీ చేసినప్పుడు వాటిని మార్కెట్లో అమ్మిపెట్టే బ్రోకర్ల బృందంలో ఆమె సంస్థ కూడా ఉండేది. ఆ పనిలో ఖర్చులు పోను వచ్చిన లాభంలో సగాన్ని దానాలకు ఇచ్చేది. ఎవరికివ్వాలో ఆ బాండ్లు జారీ చేసినవాళ్లు, కొన్నవాళ్లు చెప్పేవాళ్లు. తమ ఊరి ఆస్పత్రికో, సేవా సంస్థకో డబ్బు చేరుతుందంటే, ఆ బృందంలో సీబర్ట్‌కు చోటిద్దాం అనుకునే కారణం జారీదారుకు దొరుకుతుంది. దానమూ జరుగుతుంది, వ్యాపారమూ వస్తుంది. ఆమె దాన్ని దాచుకోలేదు, పథకం పేరులోనే వ్యాపారం, దాతృత్వం రెండు మాటలూ పక్కపక్కన పెట్టింది. ఇలా లక్షల డాలర్లు చేతులు మారాయి. స్వార్థం కలిసింది కాబట్టి ఇది దానం కాదనేవాళ్లు ఉంటారు. కానీ ఒకసారి ఇచ్చి మరిచిపోయే పెద్ద చెక్కు కన్నా, ప్రతి లావాదేవీకి తనంతట తాను కదిలే ఇలాంటి ఏర్పాటు ఎక్కువ కాలం నిలుస్తుంది. లాభం లేని ఏడాది దానమూ ఉండదన్నది దాని బలహీనత.

అంతకన్నా ముఖ్యమైనది స్కూలు పిల్లల కార్యక్రమం. న్యూయార్క్ ఉమెన్స్ అజెండా అనే సంఘానికి అధ్యక్షురాలిగా ఉన్నప్పుడు, 1999లో, హైస్కూలు విద్యార్థుల కోసం డబ్బు పాఠాలు తయారు చేయించి న్యూయార్క్ నగర స్కూళ్లలోకి తెచ్చింది. అందులో షేర్ మార్కెట్ చిట్కాలు ఉండవు. చెక్కు ఎలా రాయాలి, క్రెడిట్ కార్డు వడ్డీ ఎలా పెరుగుతుంది, పన్ను ఎలా కట్టాలి, బడ్జెట్ ఎలా వేసుకోవాలి, ఇలాంటివి. వాల్‌స్ట్రీట్‌లో పేరున్న మనిషి మ్యూజియానికో యూనివర్సిటీ భవనానికో తన పేరు పెట్టించుకోవడం అక్కడ రివాజు. పదో తరగతి, పదకొండో తరగతి పిల్లకు క్రెడిట్ కార్డు బిల్లు చదవడం నేర్పిస్తే పేరు ఏ గోడ మీదకూ ఎక్కదు. తండ్రి జబ్బుతో ఇల్లు చితికి, చదువు ఆగిపోయిన అనుభవం ఉన్న మనిషికి ఇది ముఖ్యమనిపించడంలో వింత లేదు. జంతువులంటే కూడా ఆమెకు ప్రాణం. మాన్‌స్టర్ గర్ల్ అనే చివావా కుక్కపిల్లను ఆఫీసుకు వెంట తెచ్చుకునేది. ఆమె పేరు మీద ఉన్న ఫౌండేషన్ ఆర్థిక అక్షరాస్యతతో పాటు జంతు సంరక్షణకూ సాయం చేస్తుంది.

1996లో జె. మైకేల్స్ అనే బ్రూక్లిన్ ఫర్నిచర్ కంపెనీతో విలీనం ద్వారా తన సంస్థను నాస్‌డాక్ అనే స్టాక్ మార్కెట్‌లో లిస్ట్ చేయించింది. జనానికి మొదటిసారి షేర్లు అమ్మే ఐపీఓకు వెళ్లకుండా, అప్పటికే లిస్టయిన కంపెనీలోకి దూరడం ఖర్చు తక్కువ దారి. అందులోనూ ఆమె లెక్కే కనబడుతుంది. ఆడవాళ్లు వాల్‌స్ట్రీట్‌లోకి పెద్ద సంఖ్యలో వస్తున్నా, పార్టనర్ల స్థాయికి వెళ్లేవాళ్లు కొద్దిమందేనని, మగవాళ్ల పాత పరిచయాల వల ఇంకా పనిచేస్తోందని తొంభైలలో కూడా బహిరంగంగానే అనేది. మొదటి మహిళ అన్న బిరుదు తనకు తెచ్చిన సన్మానాలను కాదనలేదు, కానీ ఒకరు లోపలికి వెళ్తే తలుపు దానంతటదే అందరికీ తెరుచుకుంటుందన్న భ్రమ ఆమెకు లేదు. ఆమె తర్వాత ఫ్లోర్ మీద రోజూ వ్యాపారం చేసే మహిళా సభ్యురాలు రావడానికి 1976 దాకా పట్టింది.

2013 ఆగస్టు 24న న్యూయార్క్‌లో 84 ఏళ్ల వయసులో క్యాన్సర్‌తో చనిపోయింది. 2016లో స్టాక్ ఎక్స్ఛేంజ్ తన భవనంలో ఒక హాలుకు సీబర్ట్ హాల్ అని పేరు పెట్టింది. ఒక వ్యక్తి పేరును అక్కడ ఒక గదికి పెట్టడం అదే మొదటిసారి. అదే ఏడాది ఆమె కంపెనీలో వారసత్వంగా మిగిలిన మెజారిటీ వాటాను మరో కుటుంబం కొనుక్కుంది. కంపెనీ ఇంకా ఆమె పేరుతోనే నడుస్తోంది. 2018లో స్టేసీ కనింగ్‌హామ్ ఎక్స్ఛేంజ్‌కు మొదటి మహిళా ప్రెసిడెంట్ అయింది.

సీట్లు మాత్రం అప్పటికే లేవు. 1977లో 35,000 డాలర్లకు పడిపోయిన సీటు 2005 డిసెంబర్‌లో 40 లక్షల డాలర్లు పలికింది. మరుసటేడు ఎక్స్ఛేంజే లిస్టెడ్ కంపెనీగా మారిపోయి, ఒక్కో సీటుకు 3,00,000 డాలర్ల నగదు, 80,177 షేర్లు ఇచ్చి మొత్తం 1,366 సీట్లనూ రద్దు చేసింది. ఇప్పుడు ఫ్లోర్ మీద వ్యాపారం చేయాలంటే కావలసింది లైసెన్స్.